అద్దం అక్కర్లేని తుపాకి

విల్మర్ తెచెరా కాంట్రాక్టు కాగితాలు బల్లమీద పెట్టి, వాటిమీద తన కలం పెట్టి, "శుక్రవారం నాలుగింటికి నోటరీని తీసుకొస్తా, సంతకం పెట్టెయ్" అని వెళ్లిపోయాక నీదియా లరోసా ఆ కలాన్ని ముట్టుకోనే లేదు. ఆమె జిరాక్సు కొట్లో మెషీను పక్కన అది అలాగే పడి ఉంది. ప్రశ్నపత్రాల కాపీలకోసం వచ్చిన హైస్కూలు పంతులమ్మ ఒకావిడ దాన్ని పొరపాటున బ్యాగులో వేసుకోబోతే మాత్రం, "అది నాది కాదు, పెట్టేయండి" అని తిరిగి పెట్టించింది.

ఎందుకంత పట్టుదల అంటారా? ఇరవయ్యారేళ్ల కిందట సెర్రో గుట్టమీద ఇద్దరు స్నేహితులు కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీలో తుపాకి పట్టుకుని గది గదికీ కాల్చుకుంటూ పోయే ఆట. పేరు 'కబేళా'. బొమ్మలు నీదియావి, ప్రోగ్రాము విల్మర్‌ది. అప్పట్లో మోంతెవిదేయోలో దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు ఎవరూ. ఇప్పుడు పాత ఆటలంటే పడిచచ్చే జనం ఎక్కడెక్కడివాళ్లో దానికోసం వెతుకుతున్నారు. ఓ పెద్ద కంపెనీ మళ్లీ విడుదల చేస్తానంటోంది. షరతు ఒకటే, అదీ విల్మర్ నోటినుంచి వచ్చింది: ఆటలో ఉన్న ఏడు తుపాకుల్లో ఐదోది, కార్బైన్ అనే పొట్టి రైఫిలు, తీసేసి వేరే బొమ్మ గీయాలి. మిగతా ఆరూ ఉండొచ్చు. ఎందుకని అడిగితే, "చట్టం గొడవల్లే, నీకెందుకు" అన్నాడు. ఆ 'నీకెందుకు' దగ్గరే ఆమెకి ఒళ్లు మండింది.

ఇంకొక సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఆట బయటికొచ్చే నాటికి నీదియా అన్న ఆర్తిగాస్ జైల్లో ఉన్నాడు. విల్మర్ వాళ్ల నాన్నకి రేవు దగ్గర ఉన్ని గిడ్డంగి ఉండేది. అక్కడ ఉన్ని మూటలు నొక్కే మెషీన్లు చూసుకునే మెకానిక్కు ఆర్తిగాస్. తొంభై ఏడు ఆగస్టులో గిడ్డంగి కావలివాడు అనీబల్‌ని ఎవరో కాల్చి చంపారు. తుపాకి దొరకలేదు. దొరికింది ఒకే ఒక్క ఖాళీ తూటా. బురదలో రబ్బరు బూట్ల గుర్తులు, వాటికి ఎడమవైపు రెండడుగుల దూరంలో ఆ తూటా. మామూలు తుపాకి ఖాళీ తూటాని కుడివైపు విసురుతుంది, ఇది ఎడమచేతివాళ్ల కోసం చేసిన తుపాకి అని నిపుణుడు తేల్చాడు. గిడ్డంగి తాళంచెవులున్న ఎడమచేతి మగాడు ఆర్తిగాస్ ఒక్కడే. పదకొండేళ్లు వేశారు. పదకొండేళ్లూ ఉండి వచ్చాడు. ఇప్పుడు ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా బతుకుతున్నాడు. చెల్లెలు చేసిన ఆట ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. చూడమంటే, "నాకు తుపాకులు చాల్లే నీదీ" అనేవాడు.

గురువారం పొద్దున్న, నీదియా అప్పుడే మెషీను వేడెక్కించుకుని మాతే టీ పోసుకుంటుంటే, తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో చేటంత నోటుబుక్కు.

"నీదియా లరోసా గారంటే మీరేనా? నేను దార్దో ఒలైసోలా. తకుఆరెంబో నుంచి వస్తున్నా. పళ్ల డాక్టర్ని."

"నా పళ్లకేం కాలేదండీ."

"పళ్ల పనిమీద రాలేదమ్మా. మీ తుపాకుల పనిమీద వచ్చా."

కూర్చోమనకుండానే కూర్చున్నాడు. విషయమేమిటంటే, ఈయనకి పాతికేళ్లుగా ఒకటే పిచ్చి. పాత ఆటల్లో కనిపించే తుపాకులు నిజంగా ఏ తుపాకులో పట్టి పట్టి చూసి, పేరూ, మోడలూ, తప్పులూ జాబితా రాయడం. రోజంతా పళ్లు పీకి, సాయంత్రం తుపాకుల జాతకాలు చెబుతాడన్నమాట. అయిదు గంటలు బస్సులో కూర్చుని 'కబేళా' తప్పులు అప్పజెప్పడానికి వచ్చాడు.

"ఒకటోది ముప్పై ఎనిమిది రివాల్వరు. రెండోది పంప్ షాట్‌గన్. మూడోది పాత సైన్యపు మౌజర్ రైఫిలు, మా తాత అలాంటిది పట్టుకునే ఫోటో దిగాడు. అన్నీ అసలు తుపాకులే, ఆటబొమ్మలు కావు. సంతోషం! కానీ తల్లీ, ఆరింటిని అద్దంలో చూసినట్టు తిప్పేశారేమిటి? నెంబర్లన్నీ వెనక్కి ఉన్నాయి!"

నీదియాకి నవ్వొచ్చింది. "కావాలనే తిప్పానండీ. పట్టుకున్నవాడి కంటికి తుపాకి ఎడమపక్కే కదా కనిపించేది? అక్కడేముంటుంది, ఉత్త ఇనుము. తూటా ఎక్కించే పిడి లాగడం, ఖాళీ తూటా ఎగరడం, తమాషా అంతా అటుపక్కనే. ఆడేవాడికి అది కనపడాలి. అందుకని ఫోటోలు తిప్పేసేదాన్ని. ఇరవై రెండేళ్ల పిల్లని, తుపాకి ఏ వైపు ఎందుకుంటుందో నాకేం తెలుసు?"

"అదే నేనూ అనుకున్నా. ఆటల బొమ్మలు గీసేవాళ్లంతా చేసే తప్పే ఇది, మన్నించేశా." ఆయన కళ్లజోడు సర్దుకుని పేజీ తిప్పాడు. "నాకు మింగుడుపడనిది ఐదోది. ఆ కార్బైన్ ఒక్కదాన్నే ఎందుకు తిప్పలేదు?"

"దాన్నీ తిప్పాను."

"తిప్పలేదమ్మా. చూడండి." ఆయుధాల పేజీని పెద్దదిగా అచ్చు తీసిన కాగితం బల్లమీద పరిచాడు. "మిగతా వాటి నెంబర్లు ఎదురు తిరిగి ఏడుస్తుంటే దీని నెంబరు చక్కగా చదవొస్తోంది. నాలుగు, ఒకటి, సున్నా, ఏడు. అయినా పిడి మనవైపే ఉంది. అంటే ఏమిటి? ఇది పుట్టడమే అలా పుట్టింది. ఎడమచేతివాళ్ల కోసం ప్రత్యేకంగా చేయించింది. నా జన్మలో ఇలాంటివి రెండే చూశా. ఎవరిదండీ ఇది? జాబితాలో రాసుకోవాలి."

నీదియా చేతిలోని మాతే తాగే సొరబుర్ర బల్లమీదకి ఒరిగింది. వేడినీళ్లు కాంట్రాక్టు మీద పారాయి. ఆమె తుడవలేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. విల్మర్ దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. దుప్పటి మీదే పెట్టి ఫోటో తీశారు. కంప్యూటర్లో తిప్పబోయేసరికి పిడి అప్పటికే ఇటుపక్క ఉంది. హమ్మయ్య, ఒక పని తగ్గింది అనుకుంది. అంతే. ఆ తర్వాత అన్న తీర్పు కాగితాల్లో 'ఎడమచేతి తుపాకి' అన్న మాట వందసార్లు చదివింది, చదివినప్పుడల్లా ఏడ్చింది. ఆ తుపాకి మాత్రం తన కంప్యూటర్లోనే, తన చేత్తోనే రంగులద్దించుకుని కూర్చుని ఉంది. తన ఆటలో అన్ని తుపాకులూ ఎడమవే అయినప్పుడు అసలు ఎడమది ఎవరి కంట పడుతుంది? తనని తాను చెంపదెబ్బ కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. ఆ తర్వాత ఆ కోపం మెల్లగా విల్మర్ వైపు తిరిగింది.

అటకమీద అట్టపెట్టెలో పాత ఫోటోల సీడీ ఉంది. తీసి చూసింది. ఫోటో తేదీ తొంభై ఏడు జూన్ పద్నాలుగు. అనీబల్ చచ్చిపోయింది ఆగస్టు ఇరవై మూడున.

"దార్దో గారూ," అంది, "రేపు సాయంత్రం దాకా ఊళ్లో ఉండగలరా?"

"రేపు ఒకావిడకి కట్టుడుపళ్లు పెట్టాలే..."

"ఆవిణ్ని సోమవారం నమలమనండి."

శుక్రవారం పొద్దుటినుంచే వాన పట్టుకుంది. వానొస్తే సెర్రోలో ప్రతి ఇంట్లోనూ మూకుడెక్కుతుంది. ఆర్తిగాస్ కూడా పిండి కలిపి తోర్తా ఫ్రీతాలు వేయించి, కాగితం పొట్లంలో పట్టుకుని మూడున్నరకే వచ్చాడు. చెల్లెలు రమ్మంది కాబట్టి వచ్చాడు, ఎందుకో అడగలేదు. నాలుగింటికి విల్మర్, నోటరీ మాబెల్ ఒకే గొడుగులో దిగారు. విల్మర్‌కి బట్టతల వచ్చింది, ఖరీదైన కోటు వచ్చింది. నవ్వు మాత్రం పాతదే.

ఆర్తిగాస్‌ని చూడగానే ఆ నవ్వు కాస్త తగ్గింది. "ఇతనెందుకు?"

"మా అన్నయ్య. తోర్తాలు తెచ్చాడు. నీకూ ఉన్నాయి, తిను," అంది నీదియా.

మాబెల్ పొట్టి మనిషి, పెద్ద బ్యాగు. కళ్లజోడు తుడుచుకుంటూ, "కాంట్రాక్టు మొత్తం చదివి వినిపిస్తాను, తర్వాత ఇద్దరూ నా ఎదుట సంతకం చేయాలి," అంది.

"అంతకంటే ముందు మీరొకటి కళ్లారా చూసి రాసిపెట్టాలి నోటరీ గారూ. నేను అడుగుతున్నా."

"ఏమిటిదంతా?" అన్నాడు విల్మర్. "మాబెల్ గారు నేను పిలిస్తే వచ్చారు."

నీదియా ఆవిడ వైపే చూసింది. "మీరు ఇతని నోటరీనా, లేకపోతే నోటరీనా?"

మాబెల్ ముక్కుమీద కళ్లజోడు తగిలించుకుంది. ఆ మాట ఆవిడకి గట్టిగానే తగిలింది. "చూసింది రాస్తాను. చూడంది రాయను. ఎవరడిగినా అంతే." బ్యాగులోంచి ముద్ర కాగితం తీసింది.

నీదియా కంప్యూటర్ తెర అందరివైపూ తిప్పి, ఆయుధాల పేజీ తెరిచింది. గోడకున్న చేతి అద్దం తీసి తెరకెదురుగా పట్టుకుంది.

"ఒకటోది. తెరమీద నెంబరు చదవండి."

"చదవరావడం లేదు. అక్షరాలు ఎదురు తిరిగున్నాయి."

"అద్దంలో?"

"అద్దంలో చదవొస్తోంది."

రెండోది, మూడోది, నాలుగోది. దార్దో పక్కన నిలబడి ప్రతి తుపాకి పేరూ, మోడలూ పెళ్లిపిలుపు చదివినట్టు చదువుతున్నాడు. మాబెల్ కలం ఆగకుండా నడుస్తోంది. విల్మర్ చేతులు కట్టుకుని, "చిన్నపిల్లల ఆట. సంతకం చేస్తావా లేదా?" అన్నాడు.

"ఐదోది," అంది నీదియా.

తెరమీదకి కార్బైన్ వచ్చింది. తోర్తా తింటున్న ఆర్తిగాస్ నమలడం ఆపేశాడు.

"నాలుగు, ఒకటి, సున్నా, ఏడు," అంది మాబెల్. "దీనికి అద్దం అక్కర్లేదు."

"అంటే?"

"అంటే," అన్నాడు దార్దో, "ఇది అసలు సిసలైన ఎడమచేతి తుపాకి. నా పరువు పణంగా పెట్టి చెబుతా, రాసుకోండి."

"ఫోటో తేదీ కూడా రాయండి," అంది నీదియా. సీడీలోని అసలు ఫోటో తెరమీద తెరిచి చూపించింది. "జూన్ పద్నాలుగు. మా అన్నయ్య మీద పడ్డ హత్యకి పది వారాల ముందు. దీన్ని దుప్పట్లో చుట్టి తెచ్చినవాడు విల్మర్ తెచెరా. కాదను విల్మర్! ఏడింట్లో ఇదొక్కటే ఎందుకు తీసెయ్యాలన్నావో ఇప్పుడు చెప్పు. చట్టం గొడవలా? ఏ చట్టం? నువ్వు తీసెయ్యమన్నకొద్దీ నేను ఇంకా పెద్దది చేసి పెడతా. ఈ ఆట అట్టమీద వేయిస్తా. ఊరూరా గోడలకి అంటిస్తా!"

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. విల్మర్ కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు. నీదియా అతని ముఖంలో భయం కోసం వెతికింది. కనపడలేదు. జాలి కనపడింది, అదే ఆమెకి భయం పుట్టించింది.

"తెచ్చాను," అన్నాడు. "నేనే తెచ్చాను. ఎక్కణ్నుంచి తెచ్చానో కూడా రాయించు మరి. మీ అన్నయ్య చేతుల్లోంచి తీసుకున్నాను. గిడ్డంగి వెనక మెకానిక్కు గదిలో. నీ మీద ఒట్టు."

విల్మర్ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నేను ఆ బొమ్మ ఎందుకు తీసెయ్యమన్నాననుకున్నావ్? ఇలాంటి పిచ్చివాడెవడో," దార్దో వైపు గడ్డం ఎత్తాడు, "ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతాడని. హత్యకి ముందు ఆ తుపాకి ఆర్తిగాస్ దగ్గర ఉందని నీ బొమ్మే రుజువు చేస్తుంది. ఇన్నేళ్లూ 'నేను కాదు' అన్నాడు కదా, నువ్వొక్కదానివే నమ్మావు కదా, ఆ నమ్మకమైనా మిగలనిద్దామనుకున్నా. వినలేదు నువ్వు. ఎప్పుడు విన్నావు గనక!"

మాబెల్ కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది. "నీదియా గారూ, ఇది కూడా రాయమంటారా? ఒకసారి రాసి ముద్ర వేశాక నేను చింపలేను."

నీదియా అన్నయ్య వైపు చూసింది. అతను తెరవైపే చూస్తున్నాడు. పదకొండేళ్లు ప్రతి ఆదివారం సంచిలో సిగరెట్లూ బిస్కట్లూ పెట్టుకుని జైలు గేటు దగ్గర వరసలో నిలబడింది ఆమె. ఆ వరసలో ఒక్కసారి కూడా 'ఒకవేళ' అనుకోలేదు. ఇప్పుడు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా ఆ అనుమానం పోలేదు. వద్దని ఒక్క మాట అంటే చాలు, కాగితం చిరిగిపోతుంది, కాంట్రాక్టు మీద సంతకం పడుతుంది, అందరూ తలా ఒక తోర్తా తిని ఇళ్లకి పోతారు. అన్నయ్య మాత్రం చచ్చేదాకా హంతకుడుగానే ఉంటాడు. ఊరికి ఎలాగూ అంతే. ఈ క్షణం నుంచి తనకి కూడా.

"రాయండి," అంది. "విల్మర్ చెప్పిన ప్రతి ముక్కా రాయండి. మా ఇంట్లో నిజానికి భయపడేవాళ్లు లేరు."

"నీదీ." ఆర్తిగాస్ నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. ఆ గదిలో అందరికంటే పొడుగు. "అద్దం కింద పెట్టు, చెయ్యి నొప్పెడుతుంది."

ఆమె పెట్టింది.

"వీడు చెప్పింది నిజమే," అన్నాడు. "నా చేతుల్లోంచే తీసుకున్నాడు. పిడి బిగుసుకుపోతోందని నాకు బాగుచేయమని ఇచ్చారు. బాగుచేశా. తీసుకెళ్లి ఇంట్లో ఇచ్చెయ్యమని వీడికిచ్చా. మధ్యలో వీడు ఫోటోలకని నీ దగ్గరికి తెచ్చాడని ఇవాళే తెలిసింది." తెరమీద నెంబరు వైపు వేలు చూపించాడు. "ఆ నెంబరు నాకు కంఠతా వచ్చు."

"ఎవరిచ్చారు?" నీదియా గొంతు పైకి లేచింది. "పదకొండేళ్లు! ఎవరిదో తెలిసీ పదకొండేళ్లు నోరు మూసుకున్నావా అన్నయ్యా? ఎవరికోసం?"

విల్మర్ కుర్చీ వెనక్కి తోసి నిలబడ్డాడు. "ఆర్తిగాస్! మాట ఇచ్చావు నువ్వు. మా నాన్నకి మాట ఇచ్చావు. ఆయన పోయాడు. పోయినవాణ్ని వదిలెయ్."

ఆర్తిగాస్ ఏదో లెక్క అప్పుడే తేలినట్టు తల ఆడించాడు.

"ఓహో. నీకు అలా చెప్పారన్నమాట," అన్నాడు. "మీ నాన్న కుడిచేతివాడు రా విల్మర్. ఆయన తుపాకి పట్టగా నేనెప్పుడూ చూడలేదు. నేను మాట ఇచ్చింది మీ అమ్మకి. ఎడమచేతివాటం ఆవిడది. తుపాకీ ఆవిడదే."

విల్మర్ చెయ్యి కోటు జేబులోని ఫోను మీదకి దానంతటదే పోయింది. వాళ్లమ్మ దోన్యా ఎల్బాకి ఎనభై మూడేళ్లు, ఇంకా రోజూ సాయంత్రం కొడుకు ఫోను కోసం ఎదురుచూస్తుంది.

కలం పట్టుకుని మాబెల్ అలాగే బిగుసుకుపోయింది.

"ఆగారేం నోటరీ గారూ?" అంది నీదియా. "రాయండి."